కంటి కింద పొలుసు చూడండి: మన కొండచిలువనీ బర్మీస్‌నీ గుర్తుపట్టడం ఎలా

గోదావరికి ఎర్రనీళ్లు దిగేసరికి నా ఫోన్‌కి ఫోటోలు మొదలవుతాయి. రొయ్యల చెరువు గట్టు మీద చుట్టుకుని పడుకున్న పాము, లంకలో అరటిబోదెల మధ్య ఇరుక్కున్న పాము, చేపల వలలో చిక్కిన పాము. కింద ఒకటే ప్రశ్న: "ఇది మన కొండచిలువేనాండి, లేకపోతే ఎవరైనా పెంచుకునేది తప్పించుకుందాండి?" ఇది వానాకాలం సంగతి. ఏడాది పొడుగునా వచ్చే ప్రశ్న ఇంకొకటుంది. కాకినాడలోనో భీమవరంలోనో ఎవరో గాజుపెట్టెలో పెట్టుకున్న పిల్లపాము ఫోటో పంపి, "బర్మీస్ అని చెప్పి అమ్మారండి, నిజమేనంటారా?" అని అడుగుతారు.

రెంటికీ జవాబు ఒకే చోట ఉంటుంది. పాము పై పెదవికీ కంటికీ మధ్య చూడాలి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసి పెడితే మేలని ఇది రాస్తున్నాను.

ముందు రెండు ముక్కలు. మన కొండచిలువా, బర్మీస్ పైథానూ (పైథాన్ అంటే కొండచిలువే) 2009 దాకా ఒకే జాతి కింద రెండు ఉపజాతులు. పైథాన్ మొలూరస్ మొలూరస్ మనది, పైథాన్ మొలూరస్ బైవిట్టాటస్ బర్మీస్. 2009లో బర్మీస్‌ని వేరే జాతిగా విడదీశారు. పాత కాగితాల్లో, పాత పుస్తకాల్లో ఇప్పటికీ ఉపజాతి పేర్లే కనిపిస్తాయి కాబట్టి రెండూ గుర్తుంచుకోండి. అంత దగ్గరి చుట్టాలు గనకే ఈ తికమక.

ఏదైతే ఏం, రెండూ విషం లేనివే కదా అంటారు కొందరు. పట్టింపు ఎందుకంటే, మన కొండచిలువ అయితే అది ఈ నేలది, తిరిగి ఈ నేలకే వెళ్లాలి. బర్మీస్ అయితే పొరపాటున కూడా ఇక్కడ వదలకూడదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ అనే పెద్ద చిత్తడి నేల ఉంది. పెంపకం నుంచి తప్పించుకున్నవీ, యజమానులు వదిలేసినవీ అయిన బర్మీస్ పైథాన్లు అక్కడ స్థిరపడి సంతానం పెంచుకున్నాయి. కుందేళ్లు, రకూన్లు లాంటివి చాలాచోట్ల కనిపించకుండా పోయాయి. మన కోరింగ మడ అడవులూ, కొల్లేరూ, లంకలూ కూడా అలాంటి తడి నేలలే. పైగా ఇక్కడ దాని చుట్టం ముందే ఉంది. రెండూ జతకడితే మన జాతి రక్తం కలగాపులగం అవుతుంది. ఫ్లోరిడా పాముల జన్యువులు పరీక్షిస్తే కొన్నింటిలో మన కొండచిలువ వాటా కూడా బయటపడింది. అంటే ఆ కలయిక ఊహ కాదు, జరిగిందే.

కావలసినవి

- మంచి కెమెరా ఉన్న ఫోన్. జూమ్ చేసినా పొలుసులు చెదరకుండా రావాలి.
- పగటి వెలుతురు. ఎండ నేరుగా పడకుండా నీడపట్టున ఉంటే ఇంకా మంచిది.
- సైజు తెలియడానికి పక్కన పెట్టేందుకు ఒక స్కేలో, పెన్నో. ఇది పెట్టెలో ఉన్న పాముకి మాత్రమే. బయట కనిపించిన పాము పక్కన ఏదీ పెట్టడానికి వెళ్లొద్దు.
- పెంపుడు పామైతే దాని కుబుసం, ముఖ్యంగా తల భాగం. చాలామంది పారేస్తారు. దయచేసి దాచండి.
- చేతులు కడుక్కోవడానికి సబ్బు. పాముల ఒంటి మీదా, పెంటలోనూ సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. పిల్లలున్న ఇంట్లో ఇది మరిచిపోవద్దు.

1. ముందు అది కొండచిలువేనని తేల్చుకోండి

ఈ మెట్టు దాటకుండా మిగతావి చదవొద్దు. కొబ్బరితోటలో డొక్కల గుట్ట కింద కనిపించే "కొండచిలువ పిల్ల" రక్తపింజర కావచ్చు. దాని కాటుకి ప్రాణం పోతుంది.

ఈ తికమక ఇవాళ్టిది కాదు. 1780లలో విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు మన తీరం పాములకి తెలుగువాళ్లు చెప్పిన పేర్లు రాసి పెట్టుకున్నాడు. అందులో కొండచిలువ "పెద్ద పొడ", రక్తపింజర "కాటుక రేకుల పొడ". పొడ అంటే మచ్చ. రెండూ మచ్చల పాములే మరి. కానీ ఆ రెండో పేరు పెట్టినవాళ్లు ఎంత బాగా చూశారో గమనించండి. రక్తపింజర వీపు మీద మచ్చలు ఒక్కొక్కటీ కోలగా, రేకులాగా ఉండి, చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు ఉంటుంది. ఆ నలుపు చుట్టూ మళ్లీ సన్నటి తెలుపు. ఇలాంటి రేకులు వీపు మీద ఒక వరస, పక్కలకి చెరో వరస, గొలుసులాగా తోక దాకా సాగుతాయి.

కొండచిలువ మచ్చలు అలా ఉండవు. చింపిరి అంచులతో, ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా, వీపు మీద ముదురు గోధుమ ముక్కలు అతికించినట్టుంటాయి. ఒళ్లు నున్నగా మెరుస్తుంది. రక్తపింజర పొలుసులకి మధ్యలో గీత లేచి ఉంటుంది కాబట్టి ఒళ్లు గరుగ్గా, మెరుపు లేకుండా కనిపిస్తుంది. తల పైన కూడా దానికి సన్నసన్న పొలుసులే. కొండచిలువకి ముక్కు వైపు పెద్ద పెద్ద పలకల్లాంటి పొలుసులుంటాయి.

రక్తపింజర బుస చాలా గట్టిగా, ఆగకుండా వస్తుంది. కానీ బుస కొట్టలేదు కాబట్టి కొండచిలువే అనుకోకండి. కంటిపాప నిలువుగా ఉందా లేదా అన్నది కూడా పనికిరాదు, ఎందుకంటే రెంటికీ నిలువుగానే ఉంటుంది.

కొంచెం అనుమానం ఉన్నా అక్కడితో ఆపేసి వెనక్కి రండి. ఎవరినైనా కరిస్తే కట్లు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏదీ చెయ్యొద్దు. 108కి ఫోన్ చేసి, కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

2. ఫోటోలు తీయండి, పట్టుకోవద్దు

బయట కనిపించిన పాముకైతే కనీసం రెండు మూడు మీటర్ల దూరం ఉంచి జూమ్ చేసి తీయండి. అది మేకపిల్లనో కోడినో మింగి పొట్ట ఉబ్బి ఉంటే ఇంకా దూరం జరగండి. జనం గుమిగూడి కర్రతో పొడిస్తే మింగింది కక్కేస్తుంది. వారాల తిండి పోతుంది, పాము నీరసించిపోతుంది. పెంపుడు పాముకీ అదే నియమం. తిండి పెట్టిన రెండు రోజుల దాకా బయటికి తీయకండి.

నాలుగు ఫోటోలు కావాలి:

- తల ఒక పక్క నుంచి, కెమెరా కంటికి ఎదురుగా.
- తల రెండో పక్క నుంచి.
- తల పై నుంచి నిటారుగా.
- ఒంటి మధ్యభాగం పక్క నుంచి, పొట్ట అంచు కనిపించేలా.

నాకు వచ్చే ఫోటోల్లో నూటికి తొంభై పై నుంచి తీసినవే. అందమైన చుట్టలు కనిపిస్తాయి, అసలు చూడాల్సింది కనిపించదు. ఒక్కటే ఫోటో తీయగలిగితే పక్క నుంచి తల తీయండి. ఫ్లాష్ వేస్తే పెదవి పొలుసులు తెల్లగా వెలిగిపోయి గీతలు మాయమవుతాయి, కాబట్టి ఫ్లాష్ వద్దు. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ లాంటివి కూడా తీసేయండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

3. కంటి కింద చూడండి

అసలు పని ఇదే. తీరిగ్గా చేయండి.

పక్క నుంచి తీసిన ఫోటోని పెద్దది చేయండి. నోటి గీతకి పైన, పెదవి పొడుగునా ఇటుకల వరసలా పొలుసులు కనిపిస్తాయి. అవి పై పెదవి పొలుసులు. ముక్కు కొన నుంచి మొదలుపెట్టి కంటి కిందకి వచ్చేదాకా ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. మొదటి రెంటిలో చిన్న గుంటలుంటాయి. అవి వేడి పసిగట్టే గుంటలు. దెబ్బ తగిలిన గాయాలని కంగారు పడకండి.

ఆరోదో ఏడోదో పొలుసు దగ్గరికొచ్చేసరికి కన్ను దానికి నేరుగా పైన ఉంటుంది. ఇప్పుడు చూడాల్సింది ఇది: ఆ పెదవి పొలుసు పై అంచు కంటిని తాకుతోందా? తాకుతుంటే మన కొండచిలువ. పెదవి పొలుసుకీ కంటికీ మధ్య చిన్న చిన్న పొలుసుల వరస అడ్డుగా వచ్చి, కంటిని పెదవి నుంచి పూర్తిగా విడదీస్తే బర్మీస్.

పొలం గట్టూ కాలవా అనుకోండి. మన కొండచిలువలో పొలం నేరుగా కాలవ నీటిని తాకుతుంది. బర్మీస్‌లో మధ్యన ఒక గట్టు ఉంటుంది. గట్టు ఉందా లేదా, అంతే చూడాలి.

తర్వాత రెండో పక్క కూడా చూడండి. పాముల తల రెండు పక్కలా అచ్చం ఒకేలా ఉండాలని లేదు. ఒక పక్క తాకి, రెండో పక్క తాకకపోతే ఏదీ తేల్చకుండా ఆ మాటే రాసి పెట్టుకోండి. 7వ మెట్టులో పనికొస్తుంది.

4. కుబుసం ఉంటే ఇంకా సులువు

పెంపుడు పాములున్నవాళ్లు ముందు ఈ పద్ధతే పట్టుకోండి. పాముని ముట్టనక్కర్లేదు, దానికి టెన్షన్ ఉండదు, మీకూ ఉండదు.

కుబుసంలో తల భాగాన్ని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. మెత్తబడ్డాక నల్లటి కాగితం మీద నెమ్మదిగా పరిచి, వేలి కొనతో ముడతలు సరిచేయండి. పాములకి కనురెప్పలుండవు. కంటి మీద గుండ్రటి పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, కుబుసంతో అదీ ఊడి వస్తుంది. వాచీ అద్దంలా ఉబ్బెత్తుగా ఉండే ఆ గుండ్రటి బిళ్లని వెతకండి. దొరికిందా, ఇక దాని కిందనే ఉన్న గీతల్ని చూడండి. కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే ఒక్కో పొలుసు అంచూ సూదితో గీసినంత స్పష్టంగా ఉంటుంది. తడిగా ఉన్నప్పుడే ఫోటో తీసేయండి. ఆరితే ముడుచుకుపోతుంది.

రెండు జాగ్రత్తలు. కుబుసం మేజోడు తీసినట్టు తిరగబడి వస్తుంది, కాబట్టి కుడి ఎడమా తారుమారవుతాయి. రెండోది, కుబుసం సాగుతుంది. దాన్ని కొలిచి పాము పొడవు చెప్పొద్దు.

5. తల మీద బాణం

పై నుంచి తీసిన ఫోటో చూడండి. రెంటికీ తల మీద ముదురు రంగు బాణపు మొన లాంటి గుర్తు ఉంటుంది. బర్మీస్‌లో అది ముక్కు దాకా ముదురుగా, పూర్తిగా, అంచులు తేలి ఉంటుంది. మన కొండచిలువలో తల వెనక భాగంలో బాగా కనిపించి, ముందుకి వచ్చేకొద్దీ వెలిసిపోతుంది. ముక్కు వైపు గులాబీ ఛాయ కలిసిన లేత గోధుమ రంగే మిగులుతుంది.

ఈ గుర్తు ఒక్కదాన్నే నమ్మి నేనొకసారి తప్పు చెప్పాను. రాత్రిపూట పసుపు బల్బు వెలుగులో, పై నుంచి తీసిన ఫోటో అది. బాణం ముక్కు దాకా నిండుగా ఉంది. బర్మీస్ అనే అనిపిస్తోందన్నాను. ఆ మాట మీద ఆ పాముని ఆపి ఉంచారు. మర్నాడు కాక ఆ మర్నాడు వెళ్లి తల తడిగుడ్డతో తుడిపించి చూస్తే, ముందు సగం బాణం చెరువు బురద. కంటి కింద పెదవి పొలుసు కంటికి ఆనుకునే ఉంది. మన కొండచిలువే. ఆ పూటే తన చోటికి వెళ్లాల్సిన ప్రాణి నా మాట వల్ల రెండు రోజులు డబ్బాలో ఉండిపోయింది. అప్పట్నుంచి పక్క ఫోటో లేకుండా ఎవరికీ జవాబు ఇవ్వడం లేదు.

6. పక్క మచ్చలు

ఒంటి పక్కన, పొట్టకి కాస్త పైన ఉన్న మచ్చలు చూడండి. మన కొండచిలువ పక్క మచ్చల్లో నడిమి భాగం లేతగా ఉంటుంది, గారెకి చిల్లు పెట్టినట్టు. బర్మీస్ పక్క మచ్చల్లో ఆ లేత నడుమ ఉండదు. వీపు మీద మచ్చలు కూడా బర్మీస్‌లో ముదురుగా, చతురస్రాల్లా దగ్గరదగ్గరగా పేర్చినట్టుంటాయి. మొత్తంమీద మన కొండచిలువ లేత రంగు, బర్మీస్ ముదురు రంగు. కానీ రంగుని చివరి సాక్షిగానే పిలవండి.

7. మూడు గుర్తులూ కలిపి రాసుకోండి

కన్ను, బాణం, పక్క మచ్చలు. ఒక కాగితం మీద మూడు గీతలు గీసి, ఒక్కోదానికి ఎదురుగా "మనది", "బర్మీస్", "తేలలేదు" అని రాయండి.

మూడూ ఒకటే చెబితే పని అయిపోయినట్టే. కన్ను ఒకటి, మిగతా రెండూ ఇంకొకటి చెబితే ముందు ఫోటోల మీద అనుమానపడండి, మళ్లీ తీయండి. మంచి ఫోటోల్లో కూడా తేడా అలాగే ఉంటే, లేదా తల ఒక పక్క ఒకలా ఇంకో పక్క ఇంకోలా ఉంటే, అది హైబ్రిడ్, అంటే రెండు జాతులూ కలిసి పుట్టిన సంకరం కావచ్చు. పెంపకంలో ఈ రెంటినీ కలిపి పిల్లలు తీసినవాళ్లున్నారు. హైబ్రిడ్‌ని బయటి గుర్తులతో ఇంట్లో కూర్చుని నిర్ధారించడం కుదరదు. "తేలలేదు" అని రాసి ఊరుకోవడమే నిజాయితీ.

ఎక్కువమంది చేసే తప్పులు

పొడవు చూసి చెప్పడం. "పది అడుగులుందండి, బర్మీసే అయ్యుంటుంది" అంటారు. మన కొండచిలువ కూడా మూడు మీటర్లు సులువుగా పెరుగుతుంది. పిల్లలప్పుడు రెండూ అడుగున్నర, రెండడుగులే.

నడుము దగ్గర పొలుసుల వరసలు లెక్కపెట్టడం. ఓపిక ఉన్నవాళ్లు అరవై డెబ్బై వరసలు లెక్కపెట్టి పంపుతారు. వాళ్ల శ్రద్ధకి దండం. కానీ ఈ రెంటిలో ఆ లెక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి, దాంతో విడదీయలేం. రక్తపింజరకైతే ఆ వరసలు ముప్పైకి కాస్త అటూ ఇటూ. అక్కడ మాత్రం తేడా తెలుస్తుంది, కానీ రక్తపింజర నడుము ఎవరూ లెక్కపెట్టకండి.

కుబుసం విడిచే ముందు చూడడం. ఆ రోజుల్లో కళ్లు పాలనీలంగా మసకబారతాయి, ఒళ్లు బూడిద పూసినట్టు అవుతుంది. బాణమూ మచ్చలూ రెండూ మోసం చేస్తాయి. వారం పది రోజులు ఆగండి, కుబుసమే చేతికొస్తుంది.

అల్బినోలకి, అంటే ఒంట్లో నలుపు రంగు లేకుండా పుట్టినవాటికి, రంగు గుర్తులు వాడడం. పసుపూ తెలుపూ కలిసిన పెద్ద పైథాన్‌ని మీరు వీడియోల్లో చూసే ఉంటారు. అది ఎక్కువగా బర్మీస్ అల్బినో. అలాంటివాటిలోనూ, మచ్చలు చెదిరిన ఇతర మార్ఫ్‌లలోనూ (పెంపకంలో తీసిన రంగు రకాల్లోనూ) బాణం, పక్క మచ్చలు పనిచేయవు. పొలుసులకి రంగుతో పనిలేదు. కంటి కింద వరస వాటిలోనూ ఉంటుంది.

అమ్మినవాడి చీటీ నమ్మడం. దీని గురించి ఒక సంగతి చెప్పాలి. కోనసీమలో ఒక ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయి థర్మాకోల్ డబ్బాలో పిల్లపాముని పెట్టుకున్నాడు. కోడిపిల్లకి పెట్టే బల్బు పెట్టాడు, నీళ్ల గిన్నె పెట్టాడు, రోజూ డైరీ రాస్తున్నాడు. ఎంత ప్రేమగా చూసుకుంటున్నాడో డబ్బా చూస్తేనే తెలుస్తుంది. బర్మీస్ అని చెప్పి, ఫారిన్ పిల్ల అని చెప్పి అమ్మారట. వాడు దాచిపెట్టిన కుబుసం తలని నీళ్లలో నానబెట్టి కిటికీ దగ్గర ఎత్తి చూపించాను. కంటి బిళ్ల అడుగున పెదవి పొలుసు ఆనుకుని ఉంది. వాడు నా చేతిలోంచి తీసుకుని రెండో పక్క కూడా తనే చూసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "డబ్బులిచ్చి కొన్నాను అన్నయ్యా, పట్టుకొచ్చింది కాదు" అన్నాడు. వాళ్ల నాయనమ్మ గడపలో కూర్చుని, "ఎవడో దాన్ని తల్లి దగ్గర్నించి పట్టుకొచ్చాడు కదరా" అంది. ఆ సాయంత్రమే ఫారెస్టు వాళ్లకి వాడే ఫోన్ చేసి అప్పజెప్పాడు. వానాకాలం మొదట్లో మన కొండచిలువ గుడ్లు పగులుతాయి. ఆ రోజుల్లో చవగ్గా దొరికే "ఫారిన్ పిల్ల" మన తోటల్లో పట్టిందే కావడానికి అవకాశం ఎక్కువ.

ఇంకో రకం పైథాన్ అయితే

బాల్ పైథాన్‌లో ఇది ఏ ఉపజాతి అని అడుగుతుంటారు. దానికి ఉపజాతులు లేవు. మీరు వినే పేర్లన్నీ పెంపకంలో తీసిన రంగుల మార్ఫ్‌లే. అది పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. పొట్టిగా బొద్దుగా ఉంటుంది, మహా అయితే ఆరడుగులు. ముదురు ఒంటి మీద లేత రంగు గుండ్రటి తెరపలు, పై పెదవి మీద స్పష్టంగా కనిపించే గుంటల వరస, భయపడితే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్టుకోవడం దాని గుర్తులు. తల మీద బాణం ఉండదు.

రెటిక్యులేటెడ్ పైథాన్‌కి తల నడిమధ్యన ముక్కు నుంచి మెడ దాకా సన్నటి నల్ల గీత ఒక్కటే ఉంటుంది. కన్ను నారింజ రంగు. వీపు మీద వల అల్లిక. మన దేశంలో ఇది నికోబార్ దీవుల్లో ఉంది. ఒకసారి చూస్తే ఇంక దేనితోనూ పొరబడరు.

బ్లడ్ పైథాన్లు మూడు రకాలు. అవి కూడా ఒకప్పుడు ఒకే జాతి కింద ఉపజాతులు, 2001 నుంచి వేరు జాతులు. వీటిలోనూ కంటి కిందే చూడాలి. మలేషియా వైపు ఎర్రటి బ్లడ్ పైథాన్‌లో పెదవి పొలుసులు సాధారణంగా కంటిని తాకుతాయి, సుమత్రా, బోర్నియో రకాల్లో మధ్యలో చిన్న పొలుసులు అడ్డొస్తాయి.

ఆస్ట్రేలియా వైపు కార్పెట్ పైథాన్ల ఉపజాతుల్ని మాత్రం ఫోటోతో తేల్చమని అడగకండి. జంగిల్, కోస్టల్, డైమండ్ అంటూ పెంపకంలో ఎన్నోసార్లు కలిసిపోయాయి. ఎక్కడి తల్లిదండ్రుల పిల్లో కాగితం ఉంటేనే పేరు పెట్టగలం.

తేలాక ఏం చేయాలి

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన కొండచిలువ మొదటి షెడ్యూల్‌లో ఉంది. పట్టడం, కొనడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ నేరమే. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. బర్మీస్ మన ఈశాన్య రాష్ట్రాల్లో సహజంగా ఉండే పాము, కాబట్టి "అది ఫారిన్‌ది, దానికి చట్టం లేదు" అన్న మాట కూడా నమ్మకండి. ఏది తేలినా పెంచుకోవడానికి దారి లేదు. అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పండి. తెలియక కొన్నాం అని భయపడి రాత్రికి రాత్రి కాలవలో వదిలేయడం అన్నిటికంటే చెడ్డ పని. మనదైతే ఆ కొత్త చోట బతుకుతుందో లేదో తెలియదు, బర్మీస్ అయితే ఫ్లోరిడా కథ మన దగ్గర మొదలవుతుంది.

బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులు సైటిస్ ఒప్పందం (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలో ఉన్నాయి. చట్టానికి 2022లో చేసిన సవరణతో, 2024లో వచ్చిన నిబంధనలతో వాటిని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయడం తప్పనిసరి అయింది. కొనేముందే ఆ కాగితం అడగండి. కాగితంలో రాసిన జాతీ, డబ్బాలో ఉన్న జాతీ ఒకటేనా అన్నది పైన చెప్పిన మెట్లతో మీరే చూసుకోండి.

వలలో చిక్కిన పాముని ఫారెస్టు వాళ్లు వచ్చేదాకా నీడలో ఉంచండి, వల మీద తడిగుడ్డ కప్పండి. వలని మీరు కోయబోకండి. నైలాన్ దారం పొలుసుల కిందకి దిగి ఉంటుంది, లాగితే చర్మం చీలుతుంది.

మీ జవాబు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి

రాసుకున్న కాగితం పక్కన పెట్టి, ఫోటోలు మాత్రమే ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి. మీరేమనుకున్నారో చెప్పొద్దు. "ఈ పెదవి పొలుసు కంటికి తగులుతోందా, మధ్యలో ఏమైనా ఉందా?" అని మాత్రం అడగండి. పాముల గురించి ఏమీ తెలియనివాళ్లయితే మరీ మంచిది. వాళ్లూ మీరు చెప్పిందే చెబితే నమ్మొచ్చు. తడుముకుంటే ఫోటో చాలలేదన్నమాట.

అప్పుడు ఎవరికైనా పంపదలచుకుంటే తల రెండు పక్కల నుంచి, ఒకటి పై నుంచి, ఒంటి పక్క నుంచి ఒకటి, మొత్తం నాలుగు ఫోటోలు పంపండి. ఏ ఊరు, చెరువా తోటా కాలవా, ఏ తేదీ, పాము అంచనా పొడవు, ఈమధ్య కుబుసం విడిచిందా అన్నవి కింద రాయండి. కొన్నదైతే ఎప్పుడు కొన్నారో, ఏమని చెప్పి అమ్మారో కూడా రాయండి.